తలుపు పక్క బల్ల

మొన్న మా కోడలు, తనూ టీచరే, ఏదో శిక్షణకు వెళ్ళొచ్చి, భయపడ్డ పిల్లల్ని దండించకూడదట అత్తమ్మా, ముందు వాళ్ళకు నచ్చిన చోట కూర్చోనివ్వాలట, అని చెబుతుంటే నవ్వొచ్చింది. అంతలోనే బహదూర్‌పురా బడిలోని తలుపు పక్క బల్ల గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది.

అప్పటికి నాకు ఉద్యోగం కొత్త. మన కాలం టీచర్లకు తెలుసుగా, బెత్తం లేకుండా క్లాసుకు పోతే ఏదో మరిచిపోయినట్టుండేది. పాతబస్తీలో గొడవలై, కర్ఫ్యూ ఎత్తేసి బడి తెరిచిన వారంలో, పాలవాళ్ళ అమ్మాయి తలుపు పక్కనే కూర్చుంటానని ఏడిస్తే, అయ్యో తల్లీ అని కన్నీళ్ళు తుడిచి కూర్చోబెట్టింది నేనే. మర్నాడు లాడ్ బజార్ గాజులాయన కూతురు, ఇంకా తెలుగుకు నోరు సరిగా తిరగని పిల్ల, అదే బల్ల మీదకు జరిగితే మాత్రం పారిపోవడానికి చూస్తోందని చెవి మెలిపెట్టి వెనక్కి పంపాను. మూడు రోజులు పంపాను, మూడు రోజులూ మళ్ళీ అక్కడికే వచ్చింది. ఇంత మొండిపిల్ల నాకొద్దని, పేరు తీసేయించడానికి హాజరు పట్టీ పట్టుకుని పెద్ద టీచరమ్మ గదికి బయలుదేరాను.

వరండాలో కుండ నింపుతున్న మా ఆయమ్మ అడ్డం నిలబడింది. ఆమె నోటికి పెద్ద టీచరమ్మే జంకేది.

"ఏంది టీచరమ్మా గిట్ల జేస్తున్నవ్? గా పిల్లకైతే భయం, గీ పిల్లకైతే బద్మాషీనా? ఇద్దరి గల్లీలల్ల అయ్యింది గదే లొల్లి గదా!"

సిగ్గుతో చచ్చిపోయాను. వెనక్కి వచ్చి, నా వచ్చీరాని ఉర్దూలో ఇక్కడే కూర్చో బేటా అంటే, ఆ పిల్ల నా మొహం చూడలేదు, బెత్తం వైపు చూసింది. దాన్ని అల్మారాలో పెట్టి తాళం వేశాకే కదిలింది. ఇద్దరూ ఆ చిన్న బల్ల మీద ఇరుక్కుని కూర్చున్నారు. భుజానున్న సంచీ కింద పెట్టడానికి మాత్రం ఆ గాజులాయన బంగారుతల్లికి నెల పట్టింది. తప్పయిందని మాత్రం నేను ఎప్పుడూ చెప్పలేదు, ఉర్దూలోనూ చెప్పలేదు, తెలుగులోనూ చెప్పలేదు.

ఎవరి భయాన్ని భయమనుకోవాలో కూడా చెప్పారా అని కోడల్ని అడిగితే, పాపం, శిక్షణలో ఇచ్చిన కాగితాలన్నీ తిరగేసింది. ఇప్పుడు బడుల్లో బెత్తం లేదు, ఎంత మంచిదో. కానీ ఆ గల్లీ పిల్లలు ఒక బడికి, ఈ గల్లీ పిల్లలు ఇంకో బడికి పోతున్నారు. ఇద్దరూ ఇరుక్కుని కూర్చునే ఆ బల్ల కూడా లేదు.