పటంలో తల్లి ఏడవలేదు

ఈ మధ్య కోరుట్లలో పటాలు కట్టే దుకాణం ముందు ఆగిపోయాను. అక్కడొక పటంలో చనిపోయిన యేసును ఒడిలో పెట్టుకున్న మరియమ్మ, చుట్టూ నిలబడిన జనం. చిత్రకారుడి పేరు, గీసిన సంవత్సరం కోసం నాలుగు మూలలా వెదికాను. ఏదీ లేదు. ఆధారం లేని వస్తువంటే నాకు చిరాకు. ఈ పటమంటే మరీను.

చిన్నప్పుడు సిరిసిల్లలో మా పక్కింటి శాంతత్త గోడ మీద ఇదే పటం ఉండేది. ఆమె కొడుకు జ్వరంతో పోయిన రోజున వాడకట్టు ఆడవాళ్లంతా ఒకరి మెడ ఒకరు పట్టుకుని శోకాలు పెట్టారు. శాంతత్త మాత్రం పెదవి విప్పలేదు. పటంలో మరియమ్మ నోరూ మూసే ఉంది. క్రైస్తవులు ఏడవకూడదన్న నియమాన్నే అలా గీసి గోడకు తగిలించారని నేను నిశ్చయించుకున్నాను.

మా నాయినమ్మ ఆమె వీపు మీద చరుస్తూ, "ఏడువే శాంతా! లోపల పెట్టుకుంటే పానం ఆగదే," అంటోంది. నాకు ఒళ్లు మండింది.

"ఏడిపియ్యకు నాయినమ్మా! గా పటంల అమ్మ ఏడుస్తుందా?"

నాయినమ్మ తలెత్తి చూసింది. "గది బొమ్మ బిడ్డా, ఎన్నొద్దులైనా ఓర్సుకుంటది. ఇది మనిషి. నువ్వు అవుతలికి నడువ్."

మళ్లీ చరిచింది. శాంతత్త ఒక్కసారిగా ఆమె మెడ పట్టుకుని "నా కొడుకా!" అని గొల్లుమంది. నియమం చెడిందని నేను కోపంతో బయటికి వెళ్లిపోయాను.

దుకాణంలో ఆ పటాన్ని ఎంతసేపు చూసినా నాకు విసుగు తగ్గలేదు. చిత్రకారుడు అంతమందిని శ్రద్ధగా గీశాడు. ఆ తల్లి వీపు మీద చరిచే మనిషిని మాత్రం ఒక్కరినీ గీయలేదు.