కూర్మన్నపాలెంలో కండక్టరమ్మ

ఉదయం ఏడు గంటలకు తునిలో పాసింజరు ఎక్కాను. ముందురోజు మా అల్లుడు అప్పారావు ఫోను చేశాడు. "అత్తయ్యా, మీరొక్కసారి రావాల. మీ అమ్మాయి పాపని బడి మానిపించేసి ఆటల బడిలో ఏసింది. అక్కడ అక్షరం ముక్క సెప్పరు. మీరు సెప్తే ఇంటాది" అన్నాడు.

మనవరాలు హాసినికి నాలుగేళ్లు. పాత బడిలో పలక తీయమంటేనే వణికిపోయేదనీ, ఇంటి గడప దాటితే నోరు విప్పడం మానేసిందనీ మా సుజాత అంతకుముందే చెప్పి ఏడ్చింది. ఎవరి పక్షం మాట్లాడాలో తేల్చుకోకుండానే బయల్దేరాను.

అనకాపల్లిలో ఒకావిడ ఎక్కి, బెల్లం మూట ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. సంగతి విని, "ఆడుకుంటే సదువొస్తాదేటమ్మా? మా గుంటడు రోజంతా ఆడతాడు, ఏటీ రాదు" అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ గుబులు తగ్గలేదు.

తొమ్మిది దాటాక దువ్వాడలో దిగి, షేర్ ఆటోలో కూర్మన్నపాలెం జంక్షన్ చేరాను. ఎదురొచ్చిన సుజాత ఇడ్లీ తినిపించి నేరుగా బడికి తీసుకెళ్లింది. ఒక మేడ కింది వాటా అది. ముందు ఇసక కుప్ప, నీళ్ల తొట్టి, కొబ్బరి చిప్పలు. టీచరు సత్యవతిగారు మెల్లగా చెప్పారు: "కూర్చోండమ్మా. పాపని మాత్రం పిలవకండి."

హాసిని నన్ను చూసి సగం నవ్వి, మళ్లీ తన పనిలో పడింది. గోడ పక్కన చిన్న కుర్చీలు వరసగా పేరుస్తోంది. పేరు పెట్టి పిలవబోయి ఆగాను. టీచరు వెళ్లి చివరి కుర్చీలో కూర్చుని, "ఈ బస్సు గాజువాక వెళ్తుందా?" అని అడిగారు. పిల్ల తలూపింది. ఇంకో నలుగురు ఎక్కారు. ఒక బుడ్డోడు బస్సు బయటికి వేలాడుతూ నిలబడ్డాడు.

"లోపలికి రా! పడిపోతావ్!"

హాసిని గొంతే. సుజాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ బడిలో పిల్ల మాట్లాడిన మొదటి మాట అది.

అప్పుడే అప్పారావు గేటు దగ్గర కనిపించాడు. రాత్రి డ్యూటీ దిగి, నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చాడు. హాసిని పరుగెత్తింది.

"నాన్నా, సీటు ఖాళీ ఉంది. ఎక్కు!"

అటూ ఇటూ చూసి, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఆ చిన్న కుర్చీలో కూర్చున్నాడు.

"ఏ ఊరు?"

"నువ్వెక్కడికి తీసుకెళ్తే అక్కడికే."

"అలా కుదరదు. ఊరు చెప్పాల!"

"పద్మనాభం. మీ నానమ్మ కాడికి" అన్నాడు. హాసిని బాదం ఆకు చింపి టికెట్టు ఇచ్చింది.

దిగాక అతను టీచరుని అడిగాడు: "అక్షరాలెప్పుడు సెప్తారండీ?"

"పాపనే అడగనివ్వండి బాబూ. అడిగిన రోజే చెప్తాను."

సాయంత్రం నాలుగింటికి బండి మీద నన్ను దువ్వాడ స్టేషన్లో దింపాడు. "సుజాతకి ఏమైనా చెప్పమంటావా?" అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"ఒద్దులెండి. ఆ బస్సులో సీట్లు సాల్లేదత్తయ్యా. ఇంట్లో పీటలున్నాయి. రేపట్టుకెళ్తాను."

రైలు కదిలింది. ఆటలో చదువెంత ఉందో నేను చెప్పలేను. మీలో ఎవరైనా అలాంటి బడికి వెళ్తే, కాసేపు ఊరికే కూర్చోండి. గోడ పక్కనున్న పిల్లని పలకరించే తొందర మాత్రం పడకండి.