నాన్నకి దారి చెప్పిన గొంతు

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలెడితే లేచి వంటింట్లోకి పోయే రకం నేను. విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. పిల్లలకి దిష్టి తీశారని మా అత్తగారితో పేచీ పెట్టుకున్న మనిషిని. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే నా ఖర్మ అనుకోండి.

మా నాన్న బస్సు డ్రైవరు. సాలూరు, పార్వతీపురం, శ్రీకాకుళం రూట్లన్నీ తిరిగాడు. రిటైరయ్యాక నీటికాసులు వచ్చి చూపు పోయింది. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. అమ్మ పోయాక నా దగ్గరే ఉంటున్నాడు. నాకు నలభై దాటినా ఆయనకి నేనింకా గుంటనే. మా వైపు ఆడపిల్లల్ని అలాగే పిలుస్తారు.

తోడు లేకుండా గడప దాటలేకపోవడం ఆయన్ని బాగా కుంగదీసింది. చెయ్యి పట్టుకుని నడిపిస్తే ఒకటే చిరాకు. "నన్నేటి, సంతకి తోలుకెల్లే గొడ్డునా, అలా లాగతన్నావు?" అని కసిరేవాడు. చివరికి బయటికి రావడమే మానేశాడు. అన్నం కూడా సగం వదిలేసేవాడు. ఇలాగే మంచానికి అంటుకుపోతాడేమోనని నాకు బెంగ పట్టుకుంది.

అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ స్మార్టుఫోన్లు వస్తున్నాయి. ఆ ఏడాది స్కూలు టూరు మీద రాజస్థాన్ వెళ్లాం. అక్కడొక కోటలో టిక్కెట్టుతో పాటు చిన్న మిషను ఇచ్చారు. చెవికి తగిలించుకుంటే "ఇప్పుడు కుడివైపు తిరగండి, పైన ఆ కిటికీ చూడండి" అంటూ ఒక గొంతు దారి చూపిస్తుంది. గైడు అక్కర్లేదు, ఎవరి నడక వారిదే. వింటున్నంత సేపూ నాకు నాన్నే గుర్తొచ్చాడు.

తిరిగొచ్చాక ఒక ఆదివారం పొద్దున్నే ఫోను పట్టుకుని ఒక్కదాన్నే బయల్దేరాను. మా ఇల్లు మా ఊరి కోట దగ్గర సందులో. అక్కణ్ణించి మూడు లాంతర్ల సెంటరు, ఆపైన గంటస్తంభం, మళ్లీ వెనక్కి. ఆయన నడకంత నెమ్మదిగా నడుస్తూ రికార్డు చేశాను. "నాన్నా, ఇక్కడ కాలవ మీద పలక ఉంది, కర్రతో తట్టి చూసుకో." "పూరీల వాసన వస్తోందా? అక్కడే ఎడమకి తిరుగు." ఏ కొట్టు ఎత్తేశారో, ఎవరి ఫ్లెక్సీ చిరిగి వేలాడుతోందో, అవీ చెప్పాను. ఊరు చూపించాలి కదా మరి!

ఆగాలంటే ఇయర్‌ఫోను తీగ మీద బొత్తాం నొక్కడం నేర్పాను. ఒక చెవికే ఇయర్‌ఫోను, రెండో చెవి బళ్ల చప్పుడు వినడానికి. మొదట్లో వెనకాలే నడిచాను. పోను పోను ఆ అవసరం లేకపోయింది. ఒక్కడే వెళ్లి, గంటస్తంభం దగ్గర టీ తాగి, పాత స్నేహితులతో వాదించి వచ్చేవాడు. తిండి పెరిగింది, నా మీద కేకలూ పెరిగాయి. ఎంత సంబరపడ్డానో!

తుపాను వెలిసిన తర్వాత ఒకరోజు ఆయన బయటికి వెళ్లిన కాసేపటికి పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. దారిలో ఒక పాత మేడ ప్రహరీ వానకి నాని రోడ్డు మీదికి కూలిపోయిందట. నాన్న రోజూ ఆ గోడ వారనే నడుస్తాడు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. గోడ కింద ఒక స్కూటరు నుగ్గునుగ్గయిపోయి ఉంది. జనంతో పాటు నేనూ ఏడుస్తూ ఇటుకలు లాగుతున్నాను. అంతలో పక్క సందులోంచి కర్ర చప్పుడు వినిపించింది. నాన్న! ఒంటి మీద దుమ్మయినా లేదు.

"అటేపు ఎందుకెళ్లావు?" అని అరిచాను.

"నీ ఫోనే కదే సెప్పినాది. ఆగు, ఎనక్కి తిరుగు, పక్క సందులోంచి ఎల్దాం అన్నాది."

ఇంటికొచ్చి రికార్డింగు మొదటి నుంచి చివరిదాకా విన్నాను. నా గొంతు, హారన్లు, నా చెప్పుల చప్పుడు. ఆ మాటలు ఎక్కడా లేవు. అదే ఆయనకి చెప్పాను.

"నువ్వు కాదే, నీతో ఉన్న ఆ రెండో గుంట సెప్పినాది," అన్నాడు. "మొదట్నుంచీ ఇద్దరూ సెప్తన్నారు కదా. నువ్వు వాగుతానే ఉంటావు. అది ఎప్పుడో గాని మాటాడదు. నీ నేస్తురాలనుకున్నాను. ఎవుర్తే అది?"

నాతో ఎవరూ రాలేదని చెప్పాను. "మంచి గుంటే," అని, అన్నం పెట్టమన్నాడు.

దారిన పోయేవాళ్లెవరో హెచ్చరించి ఉంటారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. డాక్టరు చెవులు చూసి, శుభ్రంగా ఉన్నాయన్నాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. గోడ కూలుతుందని ముందే తెలిసినది ఏమిటి? ఇవాళ పక్క సందులోకి తిప్పింది, రేపు లారీ కిందికి తిప్పితే? భయం వేసి, వేరే ఫోనులో మళ్లీ అదే దారంతా రికార్డు చేసి, ఆయనకి చెప్పకుండా మార్చేశాను.

మర్నాడు నాన్న సందు చివరిదాకా కూడా వెళ్లలేదు. వెనక్కి వచ్చి ఇయర్‌ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. "ఇందులో అది లేదు," అన్నాడు. మళ్లీ మంచం, మళ్లీ సగం అన్నం. నన్ను తిట్టడం కూడా మానేశాడు.

వారం తిరిగేసరికి నేనే ఓడిపోయాను. పాత ఫోను తీశాను. ఇచ్చే ముందు గుమ్మంలో నిలబడి నా చెవిలో పెట్టుకుని విన్నాను. "నాన్నా, మెట్టు దిగు" అని నా గొంతే, ఇంకేమీ లేదు. మళ్లీ మొదటికి తిప్పి ఆయన చెవికి పెట్టాను. ఒక్క క్షణం తల వంచి విన్నాడు. మొహం విప్పారింది.

"వస్తన్నాను, వస్తన్నాను, తొందరేటి?" అంటూ మెట్టు దిగాడు.

ఆ రికార్డింగులో నేనెక్కడా ఆయన్ని రమ్మని పిలవలేదు.

అదేమిటో నాకిప్పటికీ తెలియదు. తెలిసినవాళ్లు చెబితే వింటాను. అంతవరకూ రోజూ పొద్దున్నే మా నాన్నకి ఇస్త్రీ చొక్కా తొడిగి, ముక్కూమొహం తెలియని దానికి అప్పగించి పంపిస్తున్నాను.