తెరుచుకోని కిటికీ

నాన్న పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాం. కాకి ముడితేనే ఆయనకు అందినట్టు. మటన్, కల్లు అన్నీ పెట్టినా కాకి ఎంతకీ ముట్టలేదు. బతికున్నప్పుడూ అంతే, ఆయన అలిగితే అమ్మే బతిమాలాలి. అమ్మ ముందుకొచ్చి, "ఆ అద్దాల హోటల్ల తింటనంటివి గద, తీస్కపోత. ఇగ ముట్టు" అంది. మియాపూర్ బస్సులోంచి ఆయన రోజూ చూసే హోటలది. కాకి వచ్చి వాలింది.

దినాలయ్యాక అమ్మను హైటెక్ సిటీలోని ఆ హోటల్‌కు తీసుకెళ్లాను. పై అంతస్తు, కిటికీ పక్కన బల్ల. చాటంత పళ్లెంలో చెంచాడు కూర తెచ్చారు. నాకు ఒళ్లు మండింది. అమ్మ మాత్రం ఒక ముక్క తీసి పళ్లెం అంచున పెట్టి, బయటికి చూస్తూ కూర్చుంది. తను తినలేదు, నన్నూ తిననివ్వలేదు.

వెయిటర్ వచ్చి, "బాగాలేదా అండి?" అన్నాడు.

"గీ కిటికీ జర తీస్తవా బిడ్డా?" అంది అమ్మ.

"ఇవి తెరుచుకోవండి. ఏసీ కదా, మొత్తం బిగించేశారు."

అమ్మ అద్దాన్ని అరచేత్తో తడిమి చూసింది. తర్వాత నావైపు తిరిగి మెల్లగా అడిగింది.

"మరి ఆయన లోపలికెట్ల వస్తడు?"