పాతరలో రెండో ఊపిరి

ఆ రోజుల్లో మా సీమలో వానలకు కరువుండేది గానీ అబద్ధాలకు ఉండేది కాదు. ఏ అరుగు మీద కూర్చున్నా చాటెడు దొరికేవి. నేను పుట్టిందీ పెరిగిందీ ఆ అరుగుల మీదే కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను: ఉన్నది ఉన్నట్టు చెప్పే జబ్బు నాకు లేదు. గోడ మీద పిల్లిని చూస్తే చిరుతపులి అంటాను. చిరుతను చూస్తే ఏమంటానో తెలియదు, చూడలేదు గనక. ఈ కథలో ఎక్కడ ఏ కొలత కనబడినా సగం తీసేసి చదువుకోండి. మిగిలిన సగంలో తాలు తగిలితే చెరిగి పారేయండి. గట్టిగింజ ఒక్కటి చివరికి నేనే ఏరి చేతిలో పెడతాను.

అప్పుడు నేను హిందూపురంలో ఒక బెల్లం మండీలో కొత్త గుమాస్తాను. (పగలు ఈగలూ, రాత్రి చీమలూ నన్ను తమ ఆస్తిగా పంచుకున్న కాలం అది.) మా మేనమామ ఊరు సోమందేపల్లికి దగ్గర. ఆయన మీసాలు ఎంతంటే, ఎద్దుల బండిలో ఎదురుపడ్డవాళ్లు పక్కకు తప్పుకునేవారు. ఆయనకు లోకంలో ప్రేమలు రెండు. ఒకటి ‘దొర’ అనే పుంజు. అది నడుస్తుంటే కలెక్టరు తనిఖీకి వచ్చినట్టుండేది. రెండోది చచ్చినట్టు పడుకోవడం. నడిమింట్లో వెల్లకిలా పడి, ఊపిరి బిగబట్టి, నోరు తెరిచి, కన్ను కాస్త పైకి తిప్పి అలా ఉండిపోయేవాడు. మా అత్త గుండె బాదుకునేదాకా ఆగి, దిగ్గున లేచి కూర్చుని, “మజ్జిగ త్యాపో” అనేవాడు. ఊళ్లో ఈ నాటకం చూడని ఇల్లు లేదు.

యుద్ధం రోజులు. తిండిగింజలు దొరకడం కష్టమై, మామ పెరట్లో జొన్నల పాతర తీయాలనుకున్నాడు. చూడని వాళ్ల కోసం చెబుతాను: భూమిలో గొయ్యి తవ్వి, లోపల చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, బండ మూసి, పైన మన్ను కప్పేస్తారు. నోరు మనిషి దూరేంత, కడుపు ఏనుగు పట్టేంత. (సరే, దూడ పట్టేంత.) సాయానికి నన్ను పిలిపించాడు. పొద్దున్నే వచ్చి దొరను చూడగానే నాకు నోరూరింది.

“అల్లుడొచ్చినా దొరను కోయవా మామా? ఈ పూట కూర పెట్టకుంటే నీ గొంతు పిసికేస్తా సూడు!”

“ఆ చేతుల్తోనా? బెల్లం జిడ్డుకు జారిపోతాయి పోబ్బీ!”

అప్పుడే వాకిట్లోంచి పోతున్న మునసబు పకపకా నవ్వాడు. నవ్వినవాడు మాట మరిచిపోతాడని నేననుకున్నాను.

బండ ఎత్తగానే పులిసిన వాసన ఒకటి వెచ్చగా మొహానికి కొట్టింది. మామూలుగా అయితే నోరు తెరిచి ఒక పూట ఆరబెట్టాలి, దీపం దించి చూడాలి. కానీ మా అత్తకు అన్న, ధర్మవరంలో మగ్గాలు పెట్టుకున్నాయన, ఆ పొద్దు ఊళ్లోనే ఉన్నాడు. “రాహుకాలం రాకముందే తొలి గంప పైకి రావల్ల” అని పట్టుబట్టాడు. లాంతరు దించాం. లోపలికి నిలువెడు పోయిందో లేదో, ఎవరో రెండు వేళ్లతో వత్తి నలిపినట్టు ఆరిపోయింది. గాలి లేదు, చప్పుడు లేదు. ముట్టించి మళ్లీ దించాం. మళ్లీ అదే వేళ్లు. మా అత్త పాతర తల్లికి టెంకాయ కొట్టింది. మామ మీసం తిప్పాడు.

“దీపానికి బయమైతే నాకేమి బయం?”

చంకల కింద తాడు కట్టించుకుని దిగాడు. ధర్మవరమాయన గంపల కోసం లోపలికి పోయాడు, అత్త చీపురు కోసం పోయింది. ఎండ నడినెత్తికొచ్చింది. పాతర నోటి దగ్గర నేనూ, నా చేతిలో తాడూ మిగిలాం. కాసేపటికి లోపల్నుంచి మామ గొంతు వినిపించింది. అది మామ గొంతే గానీ, తడిగుడ్డలో చుట్టినట్టుంది.

“అబ్బీ, ఈడ ఇంగొకరు ఉండారు.”

“ఎవరు మామా?”

“కనపడ్డంల్యా. నా పక్కనే ఊపిరి తీస్తాండారు.”

ఆ తర్వాత మాట లేదు. “సాల్లే మామా, నీ ఆటలు నాకు తెలీవా” అని నవ్వాను. పాతర నవ్వలేదు. తాడు లాగాను, తిడుతూ లాగాను, మీసాలను కూడా వదలకుండా తిట్టాను. పైకొచ్చేసరికి చేతులు వేలాడుతున్నాయి. తాడు చంకల నుంచి జారి మెడకు పడి ఉంది.

అత్త వచ్చి చూసి ఏడవలేదు. “సాల్లే, లెయ్యి” అని లోపలికి పోయి మజ్జిగ ముంత తెచ్చి తలాపున నిలబడింది. జనం మూగారు. వాళ్లూ ముసిముసిగా నవ్వుతూ నిలబడ్డారు, ఎప్పుడు లేస్తాడా అని. ముంత మీద ఈగలు మూగాయి. ఒక్కొక్కరి నవ్వే ఆరిపోతూ వచ్చింది, ఆ లాంతరు లాగానే.

ధర్మవరమాయన వంగి మెడ మీది చార చూశాడు. పట్టుపోగు తేడా పసిగట్టే కళ్లు ఆయనవి. “ఇది తాడు అచ్చు. వీడే బిగించినాడు!” అన్నాడు. మునసబు గొంతు సవరించుకున్నాడు: “పొద్దున గొంతు పిసుకుతానంటివి కదబ్బా, నేను ఇనలేదా?” పాతరను బండతో మూయించి, నన్ను పశువుల కొట్టంలో గాటిపాటకు ఎద్దు పక్కన కట్టేయించి, పెనుకొండ ఠాణాకు మనిషిని తోలాడు. ఎద్దు నన్ను వాసన చూసి, బెల్లం తగిలి, నాకడం మొదలుపెట్టింది. ఆ పూట నన్ను నమ్మిన ప్రాణి అదొక్కటే. నాకు మటుకు ఉరితాడు కళ్ల ముందు ఊగుతోంది.

పొద్దు వాలకముందే డాక్టరూ, ఒక పోలీసు జవానూ వచ్చారు. డాక్టరు చేతులు చన్నీళ్లలో నానబెట్టినట్టుండేవి. ముందు నా వేళ్లు పట్టి చూశాడు.

“గోళ్లలో ఏమిటిది?”

“బెల్లం సార్.”

వాసన చూసి వదిలేశాడు. తర్వాత మామ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, మెడ మీది చార దగ్గర చిన్న గాటు పెట్టి మునసబును పిలిచాడు.

“చేత్తో పిసికితే గోళ్ల గుర్తులుండాలి, లేవు. ప్రాణమున్న మెడకు తాడు బిగిస్తే లోపల రక్తం కములుతుంది. ఇక్కడ అదీ లేదు. చర్మం మద్దెల తోలులా ఎండింది, అంతే. తాడు మెడకు పడేసరికే ఈ మనిషి లేడు.”

“మరి ఊపిరి తీసిందెవరు సామీ?”

“జొన్నలు.”

మునసబు జొన్నల్ని కట్టేయడానికి తాడు వెతికినట్టే చూశాడు.

“గింజ కూడా ఊపిరి తీస్తుందయ్యా. మూసిన పాతరలో మంచిగాలి తినేసి చెడ్డగాలి వదులుతుంది. అది బరువు. కదలకుండా నీళ్లలా అడుగున నిలుస్తుంది. దీపమైనా, మనిషైనా అందులో మునిగితే అంతే.”

‘నా పక్కనే ఊపిరి తీస్తాండారు.’ గాటిపాట దగ్గర మామ మాట నాకు మళ్లీ వినిపించింది.

మునసబు నమ్మలేదు. డాక్టరు ఒక ప్రాణిని ఇమ్మన్నాడు. అందరి చూపులూ దొర మీద పడ్డాయి. బండ తీయించి, గంపలో పెట్టి దించితే, దొర తన హోదాకు తగ్గట్టు ఒక్క కేక వేసి, సగంలోనే ఊరుకుంది. పైకి తీసి డాక్టరు అక్కడే కోసి చూపాడు. మంచిగాలి అందని నెత్తురు నేరేడుపండు రంగులోకి తిరిగి ఉంది. మునసబు నా కట్లు విప్పించాడు. జవాను మెల్లగా దగ్గరికొచ్చి, “సార్, సాక్ష్యాన్ని కూర వండుకోకూడదా?” అన్నాడు.

సరిగ్గా అప్పుడు, అయ్యా, మామ దిగ్గున లేచి కూర్చున్నాడు. “నా దొరను కోసినోడెవడ్రా?” మీసాలు రెండూ రెండు దిక్కులకు విచ్చుకున్నాయి. మునసబు గోడ దూకాడు. డాక్టరు మందులపెట్టెతో సహా బండెక్కేశాడు, ఎద్దులు ఇంకా పూన్చలేదని కూడా చూసుకోలేదు. మామ మెడ తడుముకుని, “మండుతాండాదే!” అని, అత్త వైపు చెయ్యి చాపి, “మజ్జిగ త్యాపో” అన్నాడు.

ఇంతే కథ. ఇచ్చిన మాట ప్రకారం ఇప్పుడు గట్టిగింజ ఏరాలి. దొర నేను చెప్పినంత గొప్పది కాదు. మీసాలూ అంతే. ఎద్దు నాకిన మాట నిజం, లాంతరు రెండుసార్లు ఆరిన మాట నిజం, పాతరలోంచి వచ్చిన ఆ మాటను ఇన్నేళ్లలో ఒక్క అక్షరం కూడా పెంచలేదు. నేను కల్పించింది ఒక్కటే: మామ లేచి కూర్చోవడం. ఆ డాక్టరు పొరబడే మనిషి కాదు. అత్త ఆ ముంత పట్టుకుని దీపాలు పెట్టే వేళదాకా అలాగే నిలబడింది.

ఇప్పుడు నా తల నెరిసింది, అబద్ధాలు కూడా కాస్త నెరిశాయి. కానీ ఈ కథ ఎవరికి చెప్పినా ఆ చోటికి వచ్చేసరికి ఆయన లేచి కూర్చుంటాడు, ఏటికేడాది ఇంకాస్త ఉషారుగా. మొన్న చెప్పినప్పుడు రెండో ముంత కూడా అడిగాడు. పోశాను. మజ్జిగే కదా.