కింది మెట్టు బొమ్మలు

మా పెదనాన్న పోయి నెల తిరక్కముందే ఆయన బొమ్మల కొలువులోంచి కింది మెట్టు తీసేశారు. తీసేసింది మన తెలుగు సంఘం కమిటీవాళ్ళే. ఆ మెట్టు మీది బొమ్మల్ని ఓ అట్టపెట్టెలో పడేసి, సామాన్లు దాచే అద్దె గదిలో ఓ మూలకి తోసేశారు. ఈ దసరాకి సంఘం హాల్లో ఆయన జ్ఞాపకార్థం ‘సంప్రదాయ బొమ్మల కొలువు’ పెడతామని ఈ పత్రిక పోయిన సంచికలో ప్రకటన వేశారు.

ఆగస్టులో, ఫుట్‌బాల్ సీజన్ ఇంకా మొదలవకముందే, ఆస్పత్రిలో గుండె ఆగి పోయాడు మా పెదనాన్న. ఆ వార్త వేస్తూ ఇదే పత్రికలో ఆయన్ని ‘సంప్రదాయ పరిరక్షకులు’ అని రాశారు. ఆయనే చదివుంటే పత్రిక మడిచి, "ఎవరే ఈయన? మనకి తెలిసినాయనేనా?" అని నన్నడిగేవాడు.

ఎవరో నేను చెప్తాను.

నాకు డిగ్రీ లేదు. ఇంటర్ మధ్యలో ఆపేసి అమెరికాలో పెదనాన్న ఇంటికి వచ్చినదాన్ని. సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీలో సోల్డరింగ్ చేస్తాను. నాకొచ్చిన చదువంతా శనివారాల్లో, కాలేజీ ఫుట్‌బాల్ ఆట మధ్యలో వచ్చింది. నవ్వకండి. పెదనాన్న టీవీ పెట్టి సౌండ్ తీసేసేవాడు. టీవీవాళ్ళు మరీ మర్యాదగా చెప్తారట. పక్కన రేడియో పెట్టేవాడు, అందులో మన ఊరి జట్టు మీద మమకారం ఉన్నవాడు చెప్తాడని. ఆ రేడియో మీద మళ్ళీ ఈయన తెలుగు వ్యాఖ్యానం. "పట్టుకున్నాడు... పరిగెత్తాడు... అదిగో, మీద పడ్డారు వెధవలు. లే నాయనా, లే. లేచాడు." హెల్మెట్లు పెట్టుకుని, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఈ అమెరికన్ ఆట ఆడేదానికన్నా ఆగేది ఎక్కువ. ఆగినప్పుడల్లా ప్రకటనలు. ప్రకటన రాగానే రేడియో తగ్గించి, "చదవవే అమ్మాయ్" అనేవాడు.

నేను పుస్తకం తీసి పైకి చదవాలి. ఇండియా నుంచి ఓడలో నెలల తరబడి ప్రయాణం చేసి, చెమ్మకి అంచులు ఉబ్బిపోయి వచ్చిన తెలుగు నవలలు, కథలు. మొదట్లో ఒత్తులు మింగేసి, పెద్ద వాక్యం మధ్యలో ఊపిరాడక ఆగిపోయేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. తప్పు చదివితే తిట్టేవాడు కాదు, కళ్ళు తెరిచేవాడు. అంతే. ఆట మళ్ళీ మొదలైతే పేజీలో వేలు పెట్టి ఇద్దరం ఆట చూసేవాళ్ళం. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు మాత్రం ఆట మొదలైనా రేడియో పెంచేవాడు కాదు. "వాళ్ళు ఎలాగూ మళ్ళీ పడతారు. నువ్వు కానియ్" అనేవాడు. ఒక సీజన్ అయ్యేసరికి నాలుగు నవలలు పూర్తయ్యేవి. ఇప్పుడు ఇంత కోపంగా ఇన్ని వాక్యాలు రాయగలుగుతున్నానంటే అదంతా ఆ ప్రకటనల మధ్య వచ్చిన చదువే.

ఇక కొలువు సంగతి.

ఆ బొమ్మలు మా పెద్దమ్మవి. కాపురానికి వస్తూ పాత చీరల్లో చుట్టి సూట్‌కేసులో తెచ్చుకున్న కొండపల్లి బొమ్మలు. అయిదు మెట్లు. పై నాలుగూ ఆవిడవి. దసరా ఎప్పుడూ ఫుట్‌బాల్ రోజుల్లోనే వచ్చేది. పెదనాన్న గరాజ్ సేల్స్‌లో ఏరుకొచ్చిన, హెల్మెట్ పెట్టుకున్న ఆటగాళ్ళ బొమ్మలు ఉండేవి, స్ప్రింగు మీద తల ఊపే రకం. "నీ దగ్గర తల ఊపే బొమ్మ ఉంది, నా దగ్గర లేదా?" అని పెద్దమ్మతో పోట్లాడి కొలువులో చోటు అడిగాడు. ఆవిడ ఆలోచించి, "కింది మెట్టు మీది. దాని పైకి ఒక్కడు కూడా ఎక్కడానికి వీల్లేదు" అంది. అది వాళ్ళిద్దరి ఒప్పందం. పాత రికార్డ్ ప్లేయరు పళ్ళెం మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, మైదానం చేసి, ఆ మెట్టు మీద దాన్ని తిప్పేవాడు. ఆటగాళ్ళు తలలూపుతూ గుండ్రంగా తిరుగుతుంటే పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళు పాట ఆపి చూసేవాళ్ళు.

ఒక ఏడాది క్రిస్‌మస్ అయ్యాక తగ్గింపు ధరకి ఓ బొమ్మల సెట్టు తెచ్చాడు. ఆవు, గొర్రెలు, గొర్రెల కాపరులు, గడ్డి మీద పసిబిడ్డ. "రేపల్లె మొత్తం ఒక్క పెట్టెలో దొరికిందే" అని తెగ మురిసిపోయి దసరాకి కింది మెట్టు మీద సర్దాడు. పక్కింటి అమెరికన్ ఆయన చూడ్డానికి వచ్చి, నడుం వంచి అటూ ఇటూ చూసి, "మీ ఇంట్లోకి మా జోసెఫ్ ఎలా వచ్చాడు?" అని అడిగాడు.

తీరా అది ఏసు పుట్టుక బొమ్మల సెట్టట, జోసెఫ్ ఆ పసిబిడ్డ తండ్రట. పెదనాన్న ముఖం చూడాలి. "ఆవు పక్కన నిలబడితే నందుడనుకున్నాను" అన్నాడు. తీసేయబోయాడు కూడా. పెద్దమ్మ పళ్ళెంలో శనగలు సర్దుతూ, "ఉండనివ్వండి. వచ్చి కూర్చున్న చుట్టాన్ని లేపుతామా?" అంది. అప్పట్నుంచీ జోసెఫ్ ప్రతి దసరాకీ వచ్చాడు.

ఆయన గాడ్జెట్ల పిచ్చి మీకు తెలిసిందే. కొలువు దీపాలకి గరాజ్ తలుపు రిమోట్ అమర్చాడు. సోఫాలోంచి లేవకుండా మీట నొక్కితే అమ్మవారి చుట్టూ దీపాలు వెలగాలని. వెలిగాయి. కానీ పక్కింటాయన రిమోటూ అదే రకం. సాయంత్రం ఆయన ఉద్యోగం నుంచి వచ్చి తన గరాజ్ తలుపు తెరిస్తే మా ఇంట్లో అమ్మవారు వెలిగేది. ఈయన ఇక్కడ నొక్కితే అక్కడ ఆయన గరాజ్ తెరుచుకునేది. "మార్చండి" అంది పెద్దమ్మ మొదట్లో. తర్వాత తనే, "ఇవాళ అమ్మవారింకా వెలగలేదేంటి, ఆయనకి ఓవర్‌టైమేమో" అని కిటికీలోంచి చూసేది. దసరా దీపాల తీగే దీపావళికి గుమ్మానికీ, డిసెంబరులో చూరుకీ ఎక్కేది. చూరెక్కినప్పుడూ దాన్ని వెలిగించింది పక్కింటాయన కారే.

పెద్దమ్మ పోయాక కొలువు ఆగిపోతుందనుకున్నారంతా. ఏడాది గడిచాక ఆయనే మెట్లు కట్టాడు. మగవాడు పేరంటం పెట్టడమేంటని మనలో కొందరు నవ్వారు. ఆయన శనగలు నానబెట్టి, తాలింపు మాడ్చి, వచ్చినవాళ్ళకి అదే పెట్టాడు. అయిదు మెట్లూ ఆయన చేతిలోనే ఉన్నాయి కదా, ఒక్క హెల్మెట్ బొమ్మయినా పైకెక్కిందా? లేదు. చోటు చాలక ఓ ఆటగాడు అంచున వేలాడుతుంటే, "పై మెట్టు మీద ఖాళీ ఉంది కదా పెదనాన్నా" అన్నాను. "అది నాది కాదే" అన్నాడు. రుమాలు తీసి ఆ బొమ్మ హెల్మెట్టు తుడుస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

రెండేళ్ళ కిందట కమిటీవాళ్ళు అడిగితే కొలువు మొత్తం హాలుకిచ్చాడు, పిల్లలంతా చూస్తారని. అప్పట్నుంచి బొమ్మలు మీ దగ్గరే ఉన్నాయి.

ప్రకటన చూసి కార్యదర్శి గారికి ఫోన్ చేశాను.

"చూడమ్మా, పిల్లలకి మన కల్చర్ చూపిద్దామని కదా. అందులో హెల్మెట్లూ, జోసెఫూ ఎందుకు చెప్పు" అన్నారు.

"పిల్లలు వచ్చీ రాగానే కూర్చునేది ఆ మెట్టు దగ్గరేనండీ."

"అదేనమ్మా ప్రాబ్లం. పై మెట్లవైపు తలెత్తి చూడరు."

"మా పెదనాన్న చూపించేవాడు. ఆటగాడి దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ అమ్మవారి దాకా తీసుకెళ్ళేవాడు."

"ఆయన లేరు కదమ్మా ఇప్పుడు" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకి ఏమీ అనిపించలేదు. తర్వాత కమిటీలో మాట్లాడి చెప్తానన్నారు. ఇంతవరకు చెప్పలేదు.

ఈ ఏడాది మా ఇంట్లో పండగ లేదు. ఏటి మైల. నేను కొలువు పెట్టుకోకూడదు. ఈ దసరాకి ఆ మెట్లు నిలబడితే ఒక్క హాల్లోనే నిలబడాలి. అందుకే అడుగుతున్నాను, లేకపోతే మీ గుమ్మం తొక్కేదాన్ని కాదు. మీరు ఉంచుకున్న నాలుగు మెట్లూ మా పెద్దమ్మవి. తీసేసినదే ఆయనది. ఆయన పేరు చెప్పి, ఆయన్నే అట్టపెట్టెలో పెట్టి, పండగ చేస్తామంటున్నారు. ఈ పత్రిక చదివేవాళ్ళలో సగం మంది ఆ కొలువు ముందు కూర్చుని మాడిన శనగలు తిన్నవాళ్ళే. మీకు తెలీదా?

హాల్లో ఆ రిమోట్ పనిచేయదని దాన్నీ, ఒక దీపాల తీగనీ ఆయన ఇంట్లోనే ఉంచేశాడు. తీగ ఇప్పటికీ కొలువు పెట్టే మూలలో, మేకుకి చుట్టి ఉంది. మొన్న శనివారం సౌండ్ లేకుండా టీవీ పెట్టుకుని, రేడియో పెట్టుకుని కూర్చున్నాను. ప్రకటన వచ్చింది. రేడియో తగ్గించాను. పుస్తకం తెరిచి, పైకి చదవబోయి ఆగాను. వినేదెవరు? అప్పుడే పక్కింటాయన కారు వచ్చింది. ఆయన గరాజ్ తలుపు లేచిన చప్పుడైంది. మూలలో తీగ వెలిగింది. దాని ముందు మెట్లు లేవు, బొమ్మలు లేవు, ఖాళీ కార్పెట్టు. ఆట మళ్ళీ మొదలయ్యేదాకా ఆ వెలుతుర్లో పైకే చదివాను.

కింది మెట్టు ఎక్కడ ఉండేదో అక్కడ పెట్టండి. ఆటగాళ్ళు, తిరిగే పళ్ళెం, జోసెఫ్, ఆవు, అన్నీ. అలా పెట్టలేమంటే పెద్దమ్మ బొమ్మలతో సహా మొత్తం నాకు తిరిగిచ్చేయండి. ఏడాదిపాటు సూట్‌కేసులో ఉంటాయి, కలిసే ఉంటాయి. పెడతారో ఇస్తారో నాకు జవాబు కావాలి, నవరాత్రులకి ముందు వచ్చే శనివారం, ఆట మొదలయ్యేలోగా.