మా కాంప్లెక్సు రాజ్యసభ

వన్ టౌన్‌లో మా బట్టల కాంప్లెక్సుకి వచ్చి ఎవర్నడిగినా నా గురించి ఒక కథ చెబుతారు. "ఆవిడా? ఆరేళ్ళు కుర్చీలో కూర్చుందామని ఢిల్లీ రూలు పట్టుకొచ్చింది. ఆ రూలే రెండేళ్ళకి ఆవిడ్ని దింపేసింది" అని చెప్పి నవ్వుతారు. రాజ్యసభ ఎన్నికలన్న వార్త టీ కొట్టు టీవీలో కనబడితే చాలు, ఈ కథకి మళ్ళీ ప్రాణం వస్తుంది. ఈమధ్య కూడా వచ్చింది. నేను టీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఉండగా, నా వెనకే ఇద్దరు చెప్పుకుంటున్నారు. గొంతు తగ్గించాలన్న జ్ఞానం కూడా లేదు.

రూలు తెచ్చింది నేనే. రెండేళ్ళకి దిగిందీ నేనే. ఆ రెండూ నిజం. కుర్చీ కోసం అన్నది శుద్ధ అబద్ధం. ఆరేళ్ళ కుర్చీ వచ్చి నా ఒళ్ళో పడితే తీసి అవతల పెట్టాను. ఆ ముక్క మాత్రం ఒక్కరూ చెప్పరు. చూసినవాళ్ళు లేరా అంటే, కాంప్లెక్సంతా చూసింది.

మాది మూడంతస్తుల పాత కట్టడం. నాది జాకెట్టు ముక్కలు, లైనింగుల కొట్టు. రాజనీతిశాస్త్రంలో డిగ్రీ చేసి గుడ్డ కొలుచుకుంటున్నావా అని చుట్టాలు జాలిపడుతుంటారు. నాకా జాలి అక్కర్లేదు. మా పుట్టింటివాళ్ళు మగ్గం నేసినవాళ్ళు. పరీక్షలకి మగ్గం చప్పుడులోనే చదువుకున్నాను. గుడ్డ పట్టుకోవడం నాకెప్పుడూ చిన్నతనం కాలేదు.

మెట్ల కింద మూడడుగుల చోటులో ఒకావిడ ఫాల్స్, పికో కుడుతుంది. మేమంతా ఆవిడ్ని ఆపా అంటాం, అక్కా అన్నట్టు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆవిడ చేతి పికో కోసం ఉయ్యూరు నుంచి పెళ్ళి చీరలు మూటగట్టుకుని వచ్చేవాళ్ళున్నారు. ఆవిడకి సొంత కరెంటు మీటరు లేదు. పక్కనున్న లుంగీల కొట్టులోంచి ఒక వైరు తెచ్చుకుని మిషను నడుపుకుంటుంది. లుంగీలాయన ఊరికే ఇవ్వడు. ఆయన కొట్టులో లుంగీల అంచు కుట్లన్నీ ముందు కుట్టిపెట్టాలి, ఆ తర్వాతే ఎవరి చీరైనా. ఆయన అమావాస్యకి కొట్టు మూస్తే ఆపా మిషను ఆగిపోతుంది. ఆయన బావమరిది ఇంట్లో పెళ్ళయితే శ్రావణమాసంలో కూడా ఆగిపోతుంది. అప్పుడు చూడాలి, చీరలు పట్టుకుని ఆడవాళ్ళు మెట్ల మీద వరసగా కూర్చుని ఆవిణ్ణి తిట్టడం.

మీటరు పెట్టించుకోవాలంటే కాంప్లెక్సు కమిటీ అభ్యంతరం లేదని ఒక కాగితం ఇవ్వాలి. దాన్ని ఇక్కడందరూ ఎన్‌ఓసీ అంటారు. ఒక్క కాగితం, ఒక సంతకం, ఒక ముద్ర. దాని కోసం ఆపా నాలుగు కమిటీలని అడిగింది. రెండేళ్ళకోసారి తొమ్మిదిమంది ఒకేసారి ఎన్నికయ్యేవాళ్ళు, ఒకేసారి దిగిపోయేవాళ్ళు. దిగిపోయే నెలలో "మనసు పెట్టి చేద్దాం ఆపా, వచ్చేవాళ్ళకి చెప్పి వెళ్తాం" అనేవాళ్ళు. వచ్చినవాళ్ళు "మాకెవరూ చెప్పలేదే, మళ్ళీ అర్జీ పెట్టుకోండి" అనేవాళ్ళు. అర్జీ ప్రతిసారీ నేనే రాసేదాన్ని. నాలుగోసారి రాస్తున్నప్పుడు నాకు తిక్క రేగింది.

అప్పుడు గుర్తొచ్చింది రాజ్యసభ. ఆ సభ ఎప్పుడూ రద్దవదు. రెండేళ్ళకోసారి మూడోవంతు మంది దిగుతారు, మిగతావాళ్ళు ఉంటారు. పాత మాట తెలిసినవాళ్ళు ఎప్పుడూ సభలో ఉంటారు. కాలేజీలో ఈ పాఠం నాకు భలే నచ్చింది. మా కమిటీకీ ఇదే పెట్టిద్దామని సర్వసభ్య సమావేశంలో లేచాను.

"తొమ్మిదిమందీ ఒకేసారి పోతే గుర్తున్నవాడు ఒక్కడూ ఉండట్లేదండీ. మగ్గం మీద పడుగు అయిపోతోందంటే ఏం చేస్తాం? పాత పోగుల చివర్లకే కొత్త పోగులు అతుకుతాం. మొత్తం పీకేసి మళ్ళీ మొదట్నుంచి ఎవరన్నా పెట్టుకుంటారా?"

సగంమంది మగ్గాల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. తలలూపారు. పట్టుచీరల హోల్‌సేల్ పెద్దాయన మా ప్రెసిడెంటు. బెంజ్ సర్కిల్ దగ్గర ఇల్లు, నోరు తెరిస్తే తేనె. ఆయనే ముందు చప్పట్లు కొట్టాడు. "చదువుకున్న అమ్మాయి చెబితే వినాలండీ" అన్నాడు. నాకు యాభై దాటినా ఆయనకి అమ్మాయినే.

లుంగీలాయన మాత్రం, "అయితే అక్కా, మనం కూడా విమానంలో ఢిల్లీ వెళ్ళొచ్చా?" అన్నాడు.

"నువ్వు ముందు పది గంటలకి కొట్టు తెరువు తమ్ముడూ, విమానం సంగతి తర్వాత చూద్దాం" అన్నాను. అందరూ నవ్వారు. రూలు పాసయింది.

ఇక మొదటి కమిటీ ఎన్నికయింది. తొమ్మిదిమందిలో నేనున్నాను, పెద్దాయన ఉన్నాడు, లుంగీలాయన ఉన్నాడు. అందరూ ఒకేసారి వచ్చినవాళ్ళం గనక ఎవరికి రెండేళ్ళు, ఎవరికి నాలుగేళ్ళు, ఎవరికి ఆరేళ్ళు అన్నది తేల్చాలి. ఢిల్లీలో కూడా మొదట్లో చీటీలు తీసే తేల్చారు. ఆ సంగతీ నేనే చెప్పాను. తొమ్మిది పేర్లు రాసి, మడిచి, జాకెట్టు ముక్కలొచ్చే అట్టపెట్టెలో వేశాం. తీయడానికి ఆపాని పిలిచాం. మెట్ల కింద చోటు కొట్టు కాదు గనక ఆవిడకి ఓటు లేదు. ఓటు లేని మనిషి చెయ్యి అయితే ఎవరూ వంక పెట్టలేరు అనుకున్నాం.

ఆపా కళ్ళు మూసుకుని మొదటి చీటీ తీసింది. నా పేరు.

హాలంతా ఒక్కసారి చప్పట్లు! "అక్కకి తగిలింది! ఆరేళ్ళు!" అని ఎవరో అరిచారు. పెద్దాయన లేచి నాకు దణ్ణం పెట్టాడు. ఆపా మొహం చూడాలి ఆ క్షణంలో. ఆరేళ్ళు నేనుంటాను, తన కాగితం వచ్చేసినట్టే అనుకుంది. చీటీ గుండెలకి ఆనించుకుని నిలబడింది.

వాళ్ళ తప్పు నాకు వెంటనే అర్థమయింది. బట్టల కొట్లవాళ్ళకి చీటీలు తీయడమంటే దసరా లక్కీ డిప్పే. ప్రతి ఏడూ పెద్ద డబ్బాలో కూపన్లు వేసి తీస్తారు. మొదట వచ్చిన పేరుకి మొదటి బహుమతి, స్కూటరో ఫ్రిజ్జో. ఆఖర్న వచ్చినవాళ్ళకి స్టీలు గిన్నె. కాబట్టి మొదట వచ్చిన పేరుకి పెద్ద కాలం దక్కుతుందని అందరూ అనుకున్నారు. అడిగినవాడు లేడు, చెప్పినవాడు లేడు. కానీ వారం ముందు కమిటీలో నేను చెప్పింది వేరు. ముందు వచ్చిన ముగ్గురూ ముందు దిగుతారు అన్నాను. మినిట్సు పుస్తకంలో అది రాయలేదు. రాయించకపోవడం నా తప్పే.

నోరు మూసుకుంటే సరిపోయేది. నేను నోరు మూసుకునే మనిషినైతే ఈ కథే ఉండేది కాదు.

"ఆగండి, ఇది లక్కీ డిప్పు కాదు. ముందు వచ్చినవాళ్ళు ముందు దిగాలి. పోయిన వారం అదే అనుకున్నాం" అన్నాను.

"ఎవరనుకున్నారక్కా?" అన్నాడు లుంగీలాయన.

"నేనే చెప్పాను. నువ్వు పల్లీలు తింటూ తల ఊపావు."

"తల ఊపానేమో గానీ వినలేదక్కా. మొదటి పేరంటే మొదటి బహుమతే గదా? వచ్చిన అదృష్టాన్ని కాలితో తంతావేంటి?"

అరగంట వాదించాను. నాకే నష్టమయ్యే వాదన అంత గట్టిగా ఎందుకు చేశానని మా ఆయన ఇప్పటికీ అడుగుతాడు. అనుకున్నమాట అనుకున్నట్టు జరగాలి గనక. నాకు మేలైన పూట మాట మారిస్తే, రేపు వాళ్ళు మారిస్తే ఏ మొహం పెట్టుకుని అడగను? చివరికి గెలిచాను. ముందు వచ్చిన ముగ్గురికి రెండేళ్ళని పుస్తకంలో రాశారు. ఆపా మళ్ళీ చెయ్యి పెట్టి మిగతా చీటీలు తీసింది. ఆఖరి మూడింట్లో పెద్దాయన పేరొచ్చింది, లుంగీలాయన పేరొచ్చింది. వాళ్ళకి ఆరేళ్ళు.

చప్పట్లు ఈసారి కాస్త నిదానంగా మోగాయి. ఆపా ఖాళీ పెట్టె నా చేతికిచ్చి వెళ్ళి మిషను ముందు కూర్చుంది.

సరే, రెండేళ్ళు చాలదా ఒక కాగితానికి అనుకున్నాను. ప్రతి నెలా మీటింగులో ఆ మాటే ఎత్తాను. లుంగీలాయనకి ఇష్టం లేదు. మీటరు వస్తే ఆయన లుంగీలు వరసలో నిలబడాలి గదా. కానీ ఆ మాట అనడు. "మెట్ల కింద మీటరంటే రిస్కు అక్కా, వానొస్తే షాక్ కొడుతుంది" అంటాడు. ఆయన వైరు అక్కడికి వెళ్తే కొట్టని షాకు మీటరొస్తే ఎలా కొడుతుందో ఆ దేవుడికే తెలియాలి. పెద్దాయన "చూద్దాం అమ్మా, తొందరేముంది? నేను ఆరేళ్ళు ఉంటాను గదా" అనేవాడు.

నా లెక్క ఎక్కడ తప్పిందో నాకు అక్కడ తెలిసింది. నాలుగేళ్ళవాళ్ళని విడివిడిగా పట్టుకుని అడిగాను. కొట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి అడిగాను. "మీరు చెప్పింది న్యాయమేనండీ, కానీ..." అని ఆగేవాళ్ళు. ఆ కానీ వెనక ఏముందో ఒకాయన చెప్పాడు. "మీరు వెళ్ళిపోతారు. నేనూ వెళ్ళిపోతాను. పెద్దాయన ఇంకా ఉంటారు. నా కొట్టు ముందు షెడ్డుకి ఆయన సంతకం కావాలి. మీరైతే ఏం చేస్తారు చెప్పండి?" పాత మాట గుర్తుండే మనిషి ఒకరుండాలని రూలు పెట్టించాను. ఎవరు ఎదురుచెప్పారో కూడా ఆ మనిషికే గుర్తుంటుందని నాకు తట్టలేదు. పుస్తకంలో ఆ పాఠం లేదు.

నా రెండేళ్ళూ అయిపోయాయి. మళ్ళీ నిలబడ్డాను. మూడు సీట్లకే ఎన్నిక గనక, పాత రోజుల్లోలా గోల లేదు, ఊపు లేదు. సగంమంది రాలేదు. వచ్చినవాళ్ళు లుంగీలాయన చెప్పిన ముగ్గురికి వేశారు. కొత్తవాళ్ళని మర్నాడే కలిశాను. "పాతవాళ్ళనడగండి మేడమ్, మేమిప్పుడే వచ్చాం" అన్నారు. పాతవాళ్ళనడిగితే, "కొత్తవాళ్ళు కుదురుకోనివ్వండి" అన్నారు. పాత పద్ధతిలో అయితే రెండేళ్ళకోసారి ఒక్కరోజైనా తొమ్మిదిమందికీ కాళ్ళకింద నేల కదిలేది. ఆ రోజు ఎవరో ఒకరు మెత్తబడేవారు. ఇప్పుడా రోజు కూడా లేదు. దాన్ని తీసేసింది నేనే.

ఇంతలో లుంగీలాయన అంచులు కుట్టిన లుంగీలే తెప్పించడం మొదలుపెట్టాడు, కొట్టుకి ఏసీ పెట్టించి, గాజు తలుపు బిగించాడు. "వైరు పోవడానికి సందు లేదు ఆపా, ఏమనుకోకు" అని తీసి చుట్ట చుట్టి ఆవిడ చేతికిచ్చాడు. శ్రావణమాసం ముందర. ఆపా మోటారు విప్పేసి పాత బల్ల మిషను తెచ్చుకుంది. కాలితో తొక్కుతోంది. ఆవిడ మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. పది చీరలు కుట్టేచోట మూడు కుడుతోంది. ఉయ్యూరు మూటలు ఇంకోచోటికి వెళ్తున్నాయి.

ఒకరోజు నేను లైనింగులు తీసుకెళ్ళి ఇస్తుంటే తల ఎత్తకుండా అడిగింది. "అమ్మా, ఆ రోజు మీరు ఊరుకుని ఉంటే ఏమయ్యేది?"

"అది మోసమయ్యేది ఆపా."

"ఎవరికి మోసం? అందరూ చప్పట్లు కొట్టారు గదా."

నాకు కోపం వచ్చింది. "నన్నంటారేం? వెళ్ళి వాళ్ళనడగండి" అనేశాను. అన్నాక నాలుక కొరుక్కున్నాను. ఆవిడ అడగని మనిషెవరు మిగిలారు గనక?

ఆ సాయంత్రమే ఇద్దరం పెద్దాయన కొట్టుకి వెళ్ళాం. గాదీ పరుపు మీద కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించాడు. ఆపాని కుటుంబం ఎలా ఉందని అడిగాడు. మోకాళ్ళకి ఏదో నూనె చెప్పాడు. నేను ఈసారి అర్జీ కాదు, కమిటీ ఇవ్వాల్సిన జవాబే రెండురకాలుగా రాసుకెళ్ళాను. ఒకదాంట్లో అభ్యంతరం లేదు అని, ఇంకోదాంట్లో ఇవ్వడం కుదరదు, కారణం ఫలానా అని. రెండూ ఆయన ముందు పెట్టాను.

"బాబాయ్ గారూ, ఏదో ఒకదాని మీద సంతకం పెట్టండి. కుదరదన్న కాగితమైనా ఇవ్వండి. అది పట్టుకుని కరెంటాఫీసుకెళ్తాం, కోర్టుకెళ్తాం, మా తిప్పలేవో మేం పడతాం."

ఆయన రెండు కాగితాలూ చదివాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కుదరదని ఎవరన్నారమ్మా? ఎవరూ అనలేదే. కొత్తవాళ్ళు ముగ్గురూ వచ్చారు గదా, అందరం కూర్చుని చూద్దాం. ఇంకా మూడేళ్ళ పైనే ఉంది నాకు." రెండు కాగితాలూ జాగ్రత్తగా మడిచి ఆపా చేతికే ఇచ్చాడు. పెన్ను జేబులోంచి బయటికే రాలేదు.

మర్నాడు మిగతా ఎనిమిదిమంది దగ్గరికీ ఆ రెండు కాగితాలూ తిప్పాను. ఇస్తామని పెట్టిన సంతకం ఒక్కటీ లేదు. ఇవ్వం అని పెట్టిన సంతకమూ ఒక్కటీ లేదు. నేను దిగిపోయిందెందుకో చెప్పుకుని టీ కొట్టు దగ్గర నవ్వుకునేవాళ్ళని నేనడిగేది ఇదే. ఇవ్వడం ఇష్టం లేదు సరే, ఆపా మొహం చూసి "ఇవ్వం" అని ఒక ముక్క రాసి కింద పేరు పెట్టడానికి, రెండేళ్ళవాళ్ళు, నాలుగేళ్ళవాళ్ళు, ఆరేళ్ళవాళ్ళు, ఇంతమందిలో ఒక్కరికి కూడా చెయ్యెందుకు రాదు?